మాఫీ కోసం కొండల దారిలో

హజ్ యాత్రకు బయలుదేరే ముందు ప్రతి ముస్లిమ్ సరిచూసుకోవలసిన లెక్కలు కొన్ని ఉన్నాయి. అప్పులు తీర్చాలి. అమానతులు అప్పగించాలి. ఎవరి మనసైనా నొప్పించి ఉంటే, ఎవరి హక్కుకైనా భంగం కలిగించి ఉంటే వారి గడప తొక్కి మాఫీ కోరాలి. అల్లాహ్ హక్కుల విషయంలో ఆయన కారుణ్యంపై ఆశ పెట్టుకోవచ్చు. దాసుల హక్కులను మాత్రం ఆ దాసులే క్షమించాలి. ఈ పాఠాన్ని మేము ముప్పై ఏళ్లుగా మదర్సాలో బోధిస్తూనే ఉన్నాము. ఈసారి హజ్ జాబితాలో మా పేరు వచ్చింది. అప్పుడు మా సొంత పట్టీ వ్రాసుకోవడానికి కూర్చున్నాము.

పట్టీ పెద్దదేమీ కాదు. కిరాణా కొట్టులో కొద్ది బాకీ, ఒక మిత్రుని వద్ద తెచ్చి తిరిగి ఇవ్వని రెండు కితాబులు, ఒక బంధువుతో ఆడిన పరుషమైన మాట. చివర ఒక పాత శిష్యుని పేరు వ్రాసి, కలం పట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయాము. అతని ఎడమ పాదం సగం మా అజ్ఞానం మూలంగా పోయింది. ఇరవై ఏళ్లు దాటినా ఆ సంగతిని మేము అతని ఎదుట ఒక్కనాడూ ఎత్తలేదు.

అక్టోబరులో ఒక గురువారం ఫజర్ నమాజు ముగించుకుని కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ అడవుల దిశగా బయలుదేరాము. మాతో మదర్సాలో అరబీ వ్యాకరణం చెప్పే యువ ఉపాధ్యాయుడు ఉన్నాడు. కారు నడిపింది మా మేనల్లుడు.

కొండగట్టు మలుపు

కరీంనగర్ నుంచి జగిత్యాలకు వెళ్లే దారిలో కొండగట్టు కనిపిస్తుంది. ఆంజనేయస్వామి కోవెల ఉన్న ఆ కొండకు హిందూ సోదరులు వేల సంఖ్యలో వస్తుంటారు. 2018 సెప్టెంబరు 11న ఆ ఘాటు రోడ్డు మీదుగా జగిత్యాల వైపు వస్తున్న ఆర్టీసీ బస్సు అదుపు తప్పి లోయలో పడింది. సామర్థ్యానికి మించి వంద మందికి పైగా ఎక్కిన బస్సు అది. చుట్టుపక్కల పల్లెల స్త్రీలు, పిల్లలు, వృద్ధులు అందులో ఉన్నారు. 60 మందికి పైగా మరణించారు.

మేనల్లుడు కారు ఆపాడు. మేము దిగి ఆ మలుపు వైపు చూస్తూ నిలబడ్డాము. ఆ రోజు లోయలోకి మొదట దిగినవారు అధికారులు కారు, శిక్షణ పొందిన దళాలూ కావు. దగ్గరలో ఉన్న పల్లెల ప్రజలు, ఆ దారిన పోతున్నవారు. చేతికి దొరికిన దానితో అద్దాలు పగులగొట్టి మనుషులను బయటికి లాగినవారు వారే. జరిగిన చోటికి అంబులెన్సు ఎంత వేగంగా వచ్చినా, పొరుగువాడు దానికంటే ముందే అక్కడ ఉంటాడు. ప్రాణం నిలిచేదీ పోయేదీ తరచుగా ఆ మధ్య సమయంలోనే.

ఆనాటి మరణాలలో చాలా వాటికి కారణం గాయాలకంటే ఊపిరాడకపోవడమేనని అప్పట్లో పత్రికలు వ్రాశాయి. బస్సు ముందుకు ఒరిగినప్పుడు మనుషులు ఒకరిపై ఒకరు కుప్పగా పడ్డారు. అడుగున చిక్కినవారికి గాలి అందలేదు. ప్రమాద వైద్యంలో మొదటి పాఠం ఇదే. నెత్తురు చూసి మనం బెదురుతాము, అరుస్తున్నవాని వద్దకు పరుగెత్తుతాము. కాని అరిచేవాడు ఊపిరి తీస్తున్నాడు. చప్పుడు చేయనివాని వద్దకు ముందు వెళ్లాలి. అతని నోరు, ముక్కు మూసుకుపోయాయేమో చూడాలి. స్పృహ లేకుండా శ్వాస మాత్రం ఆడుతున్నవానిని వెల్లకిలా వదిలేస్తే నాలుక వెనక్కు జారి, వాంతి గొంతుకు అడ్డుపడి ఊపిరి ఆగవచ్చు. మెడకూ నడుముకూ దెబ్బ తగిలిన సూచన లేకపోతే అతన్ని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. దీనికి డబ్బు అక్కరలేదు, పరికరం అక్కరలేదు. ఎవరో ఒకరు ముందుగా నేర్పి ఉండాలి, అంతే.

ఎవరో ఒకరు నేర్పి ఉండాలి అన్న మాట వద్ద మా ఆలోచన ఆగిపోయింది. మళ్లీ కారెక్కి జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి దాటేవరకు మేము పెద్దగా మాట్లాడలేదు.

రామగిరి ఖిల్లా

మా ప్రయాణం ఉత్తరానికి. మా మనసు మాత్రం తూర్పున ఉన్న రామగిరి కొండల వైపు పోయింది. ఇప్పుడు పెద్దపల్లి జిల్లాలో, నాడు కరీంనగర్ జిల్లాలో ఉన్న రామగిరి ఖిల్లా ఔషధ మొక్కలకు పేరుగాంచినది. వానాకాలంలో మొక్కలను పరిశీలించడానికి కళాశాల విద్యార్థులు అక్కడికి వస్తుంటారు. 2003 వానాకాలంలో మేమూ మా మదర్సా విద్యార్థులు పన్నెండు మందిని వెంటబెట్టుకుని ఆ కొండ ఎక్కాము. సృష్టిలోని సూచనలను పిల్లలకు కళ్లారా చూపాలన్నది మా ఉద్దేశం.

మధ్యాహ్నం వేళ రాళ్ల సందులో అడుగు పెట్టిన ఒక పిల్లవాడు కెవ్వుమన్నాడు. అతనికి అప్పుడు పద్నాలుగేళ్లు. ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చి మా వద్ద ఉంటూ చదువుకుంటున్నాడు. పింజర జాతి పాము ఎడమ పాదంపై కరిచి, పొదల్లోకి జారిపోయింది. మేము మా తలపాగా గుడ్డను చించి పిల్లవాని పిక్కపై బిగించి కట్టాము. ఎంత గట్టిగా కడితే అంత మేలని మా నమ్మకం. కూర్చుని ఫాతిహా చదివి ఊదాము.

కొండపై మేకలు, గొర్రెలు కాస్తున్నవారు మా కేకలు విని వచ్చారు. వారిలో పెద్దవాడు భుజం మీది గొంగడి దించి పరిచాడు. రెండు పొడవాటి కర్రలు తెచ్చి అంచులను వాటికి చుట్టాడు. క్షణాల్లో డోలీ తయారైంది. నలుగురు భుజాన ఎత్తుకున్నారు. తడిసిన బండలపై, తుప్పల మధ్య, ఎక్కడా పిల్లవాని తల వాలనీయకుండా దించారు. దిగడానికి రెండు గంటలకు దగ్గరగా పట్టింది. వారు మా పేరు అడగలేదు, ఊరు అడగలేదు, కూలీ అడగలేదు. పైన వదిలివచ్చిన మంద కోసం వెంటనే తిరిగి కొండ ఎక్కారు. ఆ గొంగడి మా వద్దే ఉండిపోయింది.

వారు తమ పని చేశారు. మేము చేయలేదు. కొండ కింద ఎవరో ఒక మంత్రగాని పేరు చెప్పారు. మేము ధార్మిక విద్య చదివినవారమై ఉండి కూడా ఆ గడపకు వెళ్లాము. అక్కడ అసర్ వేళ వరకు గడిచిపోయింది. పిల్లవాని కాలు నల్లబడి, ఉబ్బి, చిగుళ్ల నుంచి నెత్తురు కారడం మొదలైన తర్వాతనే జీపు మాట్లాడుకుని పెద్దాసుపత్రికి చేరాము. నాడు 108 లేదు. ఆ సేవ 2005 ఆగస్టు 15న మొదలైంది.

విషానికి విరుగుడు మందు ఎక్కించి డాక్టర్లు ప్రాణం నిలిపారు. మేము కట్టిన కట్టును కత్తిరించి తీస్తూ ఒక డాక్టరు నెమ్మదిగా అన్న మాట ఇప్పటికీ మా చెవిలో ఉంది. పింజర విషం కరిచిన చోటి కండను, రక్తనాళాలను తినేస్తుంది. గట్టిగా కట్టు కడితే ఆ విషమంతా ఒక్కచోటే నిలిచి, రక్తం ఆడక, కాలు మరింత త్వరగా చచ్చిపోతుంది. పది రోజుల తర్వాత పిల్లవాని పాదం ముందు సగాన్ని తొలగించవలసి వచ్చింది. అతని తండ్రి వచ్చి, అల్లాహ్ ప్రాణం దక్కించాడని షుక్ర్ చేసి, కొడుకును ఇంటికి తీసుకువెళ్లాడు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. మేమూ ఒక్క మాట అనలేదు.

దుఆ చదవడం మా తప్పు కాదు. తేలు కుట్టినవానిపై సహాబా ఫాతిహా చదివిన వృత్తాంతం హదీసు పాఠంలో మేమే చెబుతాము. ఒంటెను కట్టడం, అల్లాహ్‌పై భారం వేయడం ఈ రెండూ ఒకే పాఠంలోనివని కూడా మేమే చెబుతాము. ఆ రోజు మేము ఒంటెను కట్టలేదు. పిల్లవాని కాలిని కట్టాము.

ఘాటు దాటి కుంటాలకు

సోన్ వద్ద గోదావరి వంతెన దాటాము. వానలు వెనక్కు తగ్గినా నది నిండుగానే ఉంది. నిర్మల్ తర్వాత మహబూబ్ ఘాటు మలుపులు వస్తాయి. టేకు చెట్ల మధ్య రోడ్డు మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది. ఆ పేరు వినగానే ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ మాకు జ్ఞప్తికి వచ్చారు. ఆయన పేరు చెబితే పాము విషం దిగుతుందని నాటి ప్రజలు నమ్మేవారు. పాము కరిచినవారు ఏ జామున వచ్చినా తనను నిద్ర లేపవచ్చునని ఆయన ఆజ్ఞ ఇచ్చారని చెప్పుకుంటారు. ఆ పేరుకు విషాన్ని దింపే శక్తి ఉన్నదని మేము చెప్పము. అర్ధరాత్రి వచ్చిన పేదవాని కోసం తలుపు తెరిచి ఉంచాలన్న ఆలోచన మాత్రం రాజుకు తగినది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగినప్పుడు ఆయన తన మహలు తలుపులను వరద బాధితులకు తెరిచారు. ఆ మేలును హైదరాబాదు నేటికీ మరువలేదు.

నేరడిగొండ నుంచి పక్కకు తిరిగితే కుంటాల జలపాతం. కడెం వాగు సుమారు 45 మీటర్ల ఎత్తు నుంచి రాతి మెట్లపై పడుతూ దిగుతుంది. చూడటానికి వందల మెట్లు దిగి వెళ్లాలి. ఆ అందానికి సుబ్‌హానల్లాహ్ అనని నోరు ఉండదు. అయితే అక్కడ మునిగిపోయిన యువకుల కథలు కూడా ఆ నీటి హోరులోనే ఉన్నాయి. నీరు వేల ఏళ్లుగా రాతిని తొలిచి లోతైన గుంటలు చేసింది. పైకి మోకాలి లోతుగా తోచే చోటు పక్కనే మనిషిని మింగే గుండం ఉంటుంది. పాచి పట్టిన బండపై కాలు జారితే ఈత వచ్చినవాడు కూడా సుడిలోంచి బయటపడటం కష్టం.

మెట్ల వద్ద స్థానికుడైన ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. పక్కన పొడవాటి తాడు, గాలి నింపిన లారీ ట్యూబు ఉన్నాయి. ఎవరైనా హద్దు దాటి పోతుంటే కేకవేసి ఆపుతున్నాడు. మేము సలాము చెప్పి పక్కన కూర్చున్నాము.

"ఇక్కడ ఎవరైనా పడితే నువ్వు దూకుతావా, పెద్దాయనా?" అని మా యువ ఉపాధ్యాయుడు అడిగాడు.

"దునుకుడు లేదు సార్," అన్నాడాయన. "నీళ్లు మీద ఒక తీరుంటయి, లోపట ఒక తీరుంటయి. దునికితె ఇద్దరు పోతరు. తాడు ఇసిరితె ఒక్కడన్న దక్కుతడు. మా తానికి వచ్చెటోళ్లల్ల ఎక్కువమంది దోస్తును తీద్దామని దునికినోళ్లే పోయిన్రు."

నీటి ప్రమాదాల శిక్షణలో చెప్పే నియమం కూడా ఇదే. మొదట కేక వేయి, కర్రో తాడో అందించు, తేలే వస్తువు విసురు. శిక్షణ లేనివాడు నీటిలోకి దిగడం ఆఖరి మాట. బయటికి తీసిన తర్వాత మన పల్లెల్లో చేసే పొరపాటు ఒకటి ఉంది. మనిషిని తలకిందులుగా వేలాడదీయడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం. దీనివల్ల విలువైన నిమిషాలు పోతాయి, పొట్టలోని నీరు ఊపిరితిత్తుల్లోకి పోయే ముప్పూ ఉంది. మునిగినవానికి కావలసినది గాలి. వెల్లకిలా పడుకోబెట్టి శ్వాస చూడాలి. శ్వాస లేకపోతే తల కొద్దిగా వెనక్కు వంచి, ముక్కు మూసి, నోటి ద్వారా ఊపిరి ఇవ్వాలి. ఆపై రొమ్ము నడుమ రెండు చేతులతో, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. 30 సార్లు నొక్కి రెండుసార్లు ఊపిరి ఇస్తూ, సహాయం వచ్చేవరకు మానరాదు.

పెద్దాయన మాకు చాయ్ తాగించి పంపాడు. డబ్బు ఇవ్వబోతే, "ఉంచుకోండ్రి, పొయ్యేటప్పుడు మీ పోరగాళ్లకు చెప్పుండ్రి" అన్నాడు.

వాగు అవతలి గూడెం

ఇచ్చోడ దాటి లోపలి దారి పట్టేసరికి సాయంత్రమైంది. ఇరువైపులా పత్తి చేలు, వాటి వెనుక అడవి. మా శిష్యునిది రోడ్డు పక్కన చిన్న కుట్టుపని దుకాణం, దాని వెనుకే ఇల్లు. మేము దిగేసరికి అతడు మిషను వద్ద ఉన్నాడు. కుడి పాదంతో తొక్కుతున్నాడు. ఎడమ కాలికి తోలుతో కుట్టించుకున్న పొట్టి బూటు ఉంది. మమ్మల్ని చూసి లేచి, "హజ్రత్!" అని రెండు చేతులతో మా చేయి పట్టుకున్నాడు. మేము అనుకున్న మాట నోటికి రాలేదు. మగ్రిబ్ వేళ కావడంతో అందరమూ నమాజుకు నిలిచాము.

దుకాణం చూరు కింద ఒక పాత తలుపు రెక్క ఆనించి ఉంది. దానికి రెండు వెదురు బొంగులు, పట్టీలు కట్టి ఉన్నాయి. పక్కన ఒక మేకుకు టార్చిలైటు, ఉతికిన పాత గుడ్డల మూట వేలాడుతున్నాయి. ఇవి ఎందుకని అడిగాము. వాగు అవతల గోండుల గూడేలు ఉన్నాయనీ, వానాకాలంలో వాగు పొంగితే బండ్లు రావనీ, అంబులెన్సు తన దుకాణం వద్దే ఆగిపోతుందనీ చెప్పాడు. నొప్పులు పడుతున్న స్త్రీలనూ, జ్వరంతో ఉన్నవారినీ గూడెంవారు మంచంపైనో, ఎడ్లబండిలోనో ఇక్కడిదాకా తెస్తారు. ఆదిలాబాద్ అడవుల్లో ఇది కొత్త సంగతి కాదు, పత్రికల్లో మనం ఏటా చూసే చిత్రమే.

"మోసేది వాళ్లు, హజ్రత్. నాది ఫోను చేసే పని. అంతే," అన్నాడు. ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇచ్చినప్పుడు తానూ వెళ్లి వెనుక కూర్చుని నేర్చుకున్నానని, గూడెం యువకులకు కూడా చెప్పానని అన్నాడు.

ఇషా తర్వాత భోజనానికి కూర్చున్నాము. అప్పుడు వాగు వైపు నుంచి టార్చి వెలుగు ఊగుతూ కనిపించింది. అడవిపందుల నుంచి చేనును కాయడానికి మంచె ఎక్కిన ఒక రైతు, చీకట్లో కాలు తప్పి కిందపడ్డాడు. ఆరుగురు యువకులు అతన్ని మోసుకువస్తున్నారు. మంచంపై కాదు, తలుపు రెక్కపై. మెడకు ఇరువైపులా చుట్టిన గుడ్డలు పెట్టి, నుదుటినీ నడుమునూ కాళ్లనూ పట్టీలతో చెక్కకు కట్టారు. మోకాలి లోతు వాగులో ఇద్దరు ముందు నడుస్తూ కాలితో రాళ్లను తడిమి దారి చెబుతున్నారు, నలుగురు మోస్తున్నారు.

నులక మంచం ఊయలలా వంగుతుంది. వెన్ను విరిగినవానిని దానిపై మోస్తే విరిగిన ఎముక వెన్నుపామును కోసే ప్రమాదం ఉంది. చేతులు, కాళ్లు పట్టి ఎత్తడం అంతకంటే ప్రమాదకరం. బల్లపరుపు చెక్కపై, మెడ కదలకుండా, ఒక్క మాటపై అందరూ కలిసి ఎత్తాలి. ఈ సంగతి తెలియని చోట మంచె మీది నుంచి పడిన మనిషి జీవితాంతం మంచానికి అంటుకుపోతాడు.

మా శిష్యుడు కుంటుతూ ఎదురు వెళ్లాడు. 108కి అప్పటికే ఫోను చేశాడు. గాయపడినవాని చెవి వద్ద వంగి, "పటేలా, కాలివేళ్లు ఆడించు" అన్నాడు. బొటనవేలు కదిలింది. పడిన వేళ ఎంతో అడిగి, ఒక చీటీపై వ్రాసి అతని జేబులో పెట్టాడు. నీళ్లు అడిగితే పెదవులు మాత్రం తడిపాడు. అంబులెన్సు రావడానికి ముప్పావు గంట పట్టింది. ఆ ముప్పావు గంట మేము చేసిన సేవ టార్చి పట్టుకోవడమే. ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన చేతులు అవి. అవి వణికాయి.

దుకాణం మెట్టుపై

బండి వెళ్లిపోయిన తర్వాత గూడెం యువకులు చాయ్ తాగి వాగు దాటారు. మేమిద్దరమూ దుకాణం మెట్టుపై మిగిలాము. అప్పుడు చెప్పాము. ఆ కట్టు సంగతి, మంత్రగాని గడప వద్ద పోయిన గంటల సంగతి, డాక్టరు అన్న మాట, ఇన్నేళ్లు నోరు మెదపని మా పిరికితనం. హజ్‌కు వెళుతున్నామని, ఈ హక్కు అతనిదని, క్షమించడమూ క్షమించకపోవడమూ అతని ఇష్టమని అన్నాము.

అతడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఉర్దూలో మెల్లగా అన్నాడు: "మాఫీ ఎప్పుడో అయిపోయింది, హజ్రత్. కోపం రాలేదని అనను. పెళ్లి సంబంధాలు తిరిగిపోయినప్పుడు వచ్చింది. పొలం పని చేయలేక మిషను కొన్నప్పుడు వచ్చింది. ఇప్పుడు లేదు. కాని ఒక మాట అడుగుతాను. మీరు నాకు వుజూ నేర్పారు. నీళ్లు దొరకకపోతే తయమ్ముమ్ ఎలా చేయాలో నేర్పారు. ప్రయాణంలో నమాజు ఎలా కుదించాలో నేర్పారు. పాము కరిస్తే ఏం చేయాలో ఎవరూ నేర్పలేదు. మీకూ ఎవరూ నేర్పలేదు. మీ వద్ద ఇప్పుడున్న పిల్లలకు నేర్పి, హజ్‌కు వెళ్లండి."

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

సమాజంపై ఉన్న విధి

మరునాడు ఇచ్చోడలో జుమా నమాజు చేసి తిరుగు ప్రయాణమయ్యాము. దారి పొడవునా ఫర్జె కిఫాయా గురించి మాట్లాడుకున్నాము. కొందరు నెరవేరిస్తే అందరి బాధ్యతా తీరేది, ఒక్కరూ నెరవేర్చకపోతే ఊరంతా దోషి అయ్యేది ఫర్జె కిఫాయా. జనాజా నమాజు దీనికి ఉదాహరణగా చెబుతాము. వైద్యవిద్యను కూడా ధర్మశాస్త్ర పండితులు ఈ కోవలోనే చేర్చారు. చనిపోయినవానికి స్నానం చేయించడం తెలిసినవారు మన ప్రతి మొహల్లాలో ఉన్నారు. చనిపోతున్నవానిని ఆపడం తెలిసినవారు ఎందరు? అల్ మాయిదా సూరాలో ఒక్క ప్రాణానికి అల్లాహ్ కట్టిన విలువను మనం ఖుత్బాలలో వింటూనే ఉంటాము. ఆ ఆయతు చేతులకు కూడా చేరాలి.

మదీనాలో రుఫైదా అనే సహాబియా ఉండేవారు. ఖందక్ యుద్ధంలో బాణం తగిలి గాయపడిన సఅద్ బిన్ ముఆజ్ గారిని ఆమె గుడారంలో ఉంచారు. ఆ గుడారం ప్రవక్త (సఅసం) మస్జిదు ఆవరణలోనే ఉండేది. గాయపడినవానికి స్థలం మస్జిదులోనే దొరికింది. మన మస్జిదుల గోడపై ప్రథమ చికిత్స పెట్టె ఒకటి, 108 అన్న అంకె ఒకటి ఉండటానికి ఏ అభ్యంతరం ఉంటుంది?

ఈ అడవులలో ఒక మంచి ఉదాహరణ కూడా ఉంది. ఉట్నూరు దాటి జైనూరు వైపు వెళితే మార్లవాయి వస్తుంది. ఆస్ట్రియాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ భార్యతో కలిసి 1940లలో అక్కడ నివసించారు. నిజాం ప్రభుత్వ కాలంలో, 1943లో, గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దే కేంద్రం అక్కడ మొదలైంది. బయటి నుంచి పంతుళ్లను పంపడం కాదు, గూడెంలోనే పంతులును తయారుచేయడం దాని ఉద్దేశం. ప్రథమ చికిత్సకూ దారి ఇదే.

కొందరికి పోలీసు కేసుల భయం ఉంటుంది. ఆ భయం ఇక అక్కరలేదు. సాయం చేసినవారిని వేధించరాదన్న మార్గదర్శకాలకు సుప్రీంకోర్టు 2016 మార్చి 30న చట్టబలం ఇచ్చింది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షను కూడా రోడ్డు ప్రమాద బాధితులకు సదుద్దేశంతో సాయపడినవారిని కాపాడుతుంది. పేరు, చిరునామా చెప్పమని వారిని బలవంతపెట్టరాదు.

ఇక పాము సంగతి. ఈ పత్రిక చదివే ప్రతి ఇంట్లో తల్లులు పిల్లలకు ఈ నాలుగు మాటలు చెప్పాలి. కరిచిన కాలును లేదా చేతిని విరిగిన ఎముకలా భావించి కర్రకు వదులుగా కట్టి కదలకుండా ఉంచాలి. ఉంగరం, గాజులు, పట్టీలు తీసివేయాలి. బిగించి కట్టరాదు, కోయరాదు, నోటితో పీల్చరాదు, పాము వెంట పడరాదు. ఏ ఆలస్యమూ లేకుండా విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటి విషానికీ మన దేశంలో ఒకే విరుగుడు మందు ఉంది. పాము విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తంలో తయారయ్యే ప్రతిరక్షకాల నుంచి దాన్ని చేస్తారు. దుఆ తప్పక చదవండి. ఆసుపత్రికి పోయే బండిలో కూర్చుని చదవండి.

గొంగడి

కరీంనగర్ చేరాక మా శిష్యునికి ఫోను చేశాము. మంచె మీది నుంచి పడిన రైతుకు నడుము ఎముక చిట్లిందట. కాళ్లు రెండూ కదులుతున్నాయట. అల్‌హందులిల్లాహ్.

రెండు వారాల తర్వాత మా మదర్సాలో మొదటి పాఠం జరిగింది. నర్సుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక సోదరి ఆడపిల్లలకు వేరుగా, ఆమె భర్త మగపిల్లలకు వేరుగా నేర్పారు. మేము కూడా పిల్లలతో పాటు నేలపై కూర్చుని, దిండుపై రొమ్ము నొక్కడం నేర్చుకున్నాము. మాది సరిగా లోతుకు దిగలేదని ఒక పదేళ్ల విద్యార్థి సరిదిద్దాడు.

చివరి గంటలో మేము పెట్టె అడుగు నుంచి ఒక పాత గొంగడి తీసి పరిచాము. రెండు కర్రలకు దాని అంచులు ఎలా చుట్టాలో మాకు గుర్తుంది. అందరికంటే చిన్నవాడు రోగిగా పడుకున్నాడు. నలుగురు పిల్లలు ఒక్క మాటపై ఎత్తి, వాని తల వాలకుండా, మదర్సా మెట్లు దిగారు. పడుకున్నవాడు నవ్వు ఆపుకోలేక కదులుతుంటే, "కదలకు, నీకు నడుము విరిగింది" అని ఒకడు గదమాయించాడు.

రామగిరిపై మాకు ఆ గొంగడిని ఇచ్చిన పెద్దాయన పేరు మా పట్టీలో లేదు, ఎందుకంటే ఆనాడు మేము అడగలేదు. అతని అప్పు తీర్చే దారి ఇదొక్కటే మిగిలింది.

అల్లాహ్ మన ప్రార్థనలకూ మన చేతులకూ తన దాసులకు మేలు చేసే సామర్థ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.